పైమాల్ మాయమైతే తప్పు గ్రాఫిక్స్ కార్డుదా, స్క్రిప్టుదా?

అణుచిత్రం:
ఒక ప్రోటీనుకు 40 మందు అణువులను డాకింగ్ చేశాం, అంటే ఏది ఎక్కడ, ఎలా అతుక్కుంటుందో కంప్యూటర్‌లో లెక్కగట్టాం. ఆ ఫలితాలను అణువుల బొమ్మలు చూపే పైమాల్ ప్రోగ్రామ్‌లో వరుసగా తెరిచి, ఉపరితలం గీసి, బొమ్మను భద్రపరిచే పైథాన్ స్క్రిప్టు రాశాను. పని ఎంతవరకు వచ్చిందో చూపే చిన్న విండో కూడా పెట్టాను. అది వేరే థ్రెడ్‌లో, అంటే అసలు పనితో పాటే సమాంతరంగా సాగే మరో దారిలో నడుస్తుంది. ఒకసారి 12వ బొమ్మ దగ్గర, ఇంకోసారి 31 దగ్గర పైమాల్ ఉన్నట్టుండి మాయమవుతోంది. స్క్రిప్టులో తప్పుంటే ఎర్రర్ కనిపించాలి కదా? కొత్త గ్రాఫిక్స్ కార్డు కొనమని మా గైడ్ గారిని అడగబోతున్నాను.

హీలియం:
మీ అనుమానం సరైనదే. పైథాన్ తప్పయితే ఎర్రర్ చూపి ఊరుకుంటుంది, పైమాల్ బతికే ఉంటుంది. మొత్తానికే పోయిందంటే దెబ్బ కింది పొరలో తగిలినట్టు. పైమాల్ లాంటిదే అయిన కైమెరాఎక్స్‌కు, కార్డుతో బొమ్మలు గీయించే ఓపెన్‌జీఎల్ 3.3 లేనిదే పని జరగదు. పాత డ్రైవర్లతో ఎంతోమంది అవస్థ పడ్డారు.

స్ఫటికం:
హీలియం గారూ, నేను ఒప్పుకోను. కింది పొర కూలిందన్నది నిజమే, కూల్చింది ఎవరన్నదే ప్రశ్న. పైమాల్ విండోలు నడిచేది క్యూటీ అనే విండోల లైబ్రరీ మీద. క్యూటీ విండోను ప్రధాన థ్రెడ్ తప్ప మరొకటి ముట్టుకోకూడదు. ముట్టుకుంటే ఒకసారి ఏమీ కాదు, మరోసారి అంతా కూలిపోతుంది. ప్రతిసారీ వేరే బొమ్మ దగ్గర ఆగడం చూస్తే నాకు ఆ థ్రెడ్ మీదే అనుమానం.

విండో లేకుండా, మైనస్ సీ (-c) ఆప్షన్‌తో నడిపి చూడమని అందరూ చెబుతారు. అందులో రే ఆదేశం బొమ్మను ప్రాసెసర్‌తోనే గీస్తుంది, కార్డు అవసరం రాదు. కానీ అలా నడపాలంటే మీ చిన్న విండోను తీసేయాలి. అంటే అనుమానితుణ్ణి ఇంటికి పంపేసి విచారణ జరిపినట్టే. దానికి బదులు విండోను ఉంచి, కార్డుకు బదులు ప్రాసెసర్‌తో బొమ్మ గీసే మీసా సాఫ్ట్‌వేర్ రెండరింగ్‌తో నడపండి. అప్పుడూ కూలితే కార్డుకు సంబంధం లేదు. స్క్రిప్టు మొదట్లో పైథాన్‌లోని ఫాల్ట్‌హ్యాండ్లర్‌ను ఆన్ చేయండి. కూలే క్షణంలో ఏ థ్రెడ్ స్క్రిప్టులోని ఏ వరుసలో ఉందో టెర్మినల్‌లో రాసిపోతుంది. విద్యార్థుల ప్రయోగశాల డబ్బు ఊహల మీద ఖర్చు కాకూడదు.

హీలియం:
థ్రెడ్ సంగతి నేను గమనించలేదు. అయినా మాయమైన ప్రతిసారీ స్క్రిప్టును నిందించలేం. హెచ్ఐవీ క్యాప్సిడ్ (వైరస్ లోపలి ప్రోటీను తొడుగు) నిర్మాణం, ప్రోటీన్ డేటా బ్యాంకులో 3జే3క్యూ, తెరిచి చూడండి: 24 లక్షల పైచిలుకు పరమాణువులు. దానికి ఉపరితలం గీయమనే స్క్రిప్టులో అక్షరం తప్పు లేకపోయినా మెమరీ చాలక లినక్సే పైమాల్‌ను ఆపేయవచ్చు.

స్ఫటికం:
ఆపేస్తే కెర్నల్ లాగ్‌లో, అంటే లినక్స్ రాసుకునే చిట్టాలో, ఆ మాట ఉంటుంది. అదీ చూడమనే నేనూ అంటున్నాను.

అణుచిత్రం:
కెర్నల్ లాగ్‌లో మెమరీ ఊసే లేదు. మీసాతోనూ 19వ బొమ్మ దగ్గర కూలింది. ఫాల్ట్‌హ్యాండ్లర్ చూపిన వరుస, చిన్న విండోలో అంకె మార్చేది. విండో తీసేసి, అంకెను టెర్మినల్‌లో రాయించాను. పాత కార్డు మీదే మూడుసార్లు నడిపాను, మూడుసార్లూ 40 బొమ్మలూ వచ్చాయి. గైడ్ గారికి రాసిన ఉత్తరం పంపలేదు.