అవుట్‌బాక్స్‌ని ‘వెళ్ళనివి’ అందామా?

ఫోన్‌లో మెసేజ్‌ల అరలకు తెలుగు పేర్లు ఏం పెడితే బాగుంటుందని నిన్న అడిగారు కదా. ఇన్‌బాక్స్‌తో పేచీ లేదు, ‘వచ్చినవి’ అంటే చాలు. చిక్కంతా అవుట్‌బాక్స్‌తోనే, అంటే పంపమని నొక్కినా ఇంకా ఫోన్ దాటని మెసేజ్‌లు ఉండే అరతోనే.

మా నాన్నగారి పాత బటన్ల ఫోన్‌లో తెలుగు మెనూ ఉండేది. అవుట్‌బాక్స్‌కి ‘పంపేవి’, వెళ్ళిపోయినవాటికి ‘పంపినవి’ అని రెండు అరలు ఒకదాని కింద ఒకటి. ఒకసారి ఊరికి బయల్దేరుతూ, బస్సు ఎన్నింటికి చేరుతుందో మా మేనత్తకు తెలుగులోనే మెసేజ్ రాశారు. ఇంగ్లీషు అక్షరాలైతే ఒక ఎస్సెమ్మెస్‌లో 160 పడతాయి, తెలుగైతే 70 మాత్రమే. అందులోనూ గుణింతపు గుర్తులు, పొల్లులు విడివిడిగా లెక్కకొస్తాయి. ‘స్త్రీ’ ఒక్కటే ఆరు తింటుంది. ఆయన మెసేజ్ మూడు ముక్కలైంది, బ్యాలెన్స్ చాలలేదు, ‘పంపేవి’లోనే ఉండిపోయింది. ఆ అరలో చూసుకుని, వెళ్ళిందనుకున్నారు. రాత్రి పదకొండింటికి బస్టాండులో గంటసేపు ఒంటరిగా నిలబడ్డారు. ఇప్పటికీ తలుచుకుంటే నాకు బాధగానే ఉంటుంది.

తప్పు ఆయనది కాదు. ‘రోజూ వచ్చే పాలవాడు’, ‘రేపు వచ్చే బస్సు’ రెండింటికీ మనకు ‘వచ్చే’ ఒక్కటే. అలాగే ‘పంపేవి’ అంటే ‘నేను పంపుతుండేవి’ అనీ అర్థమే.

‘పంపకాలు’ అని ఒకరు సూచించారు. అది వింటే ఆస్తి పంచుకోవడమే గుర్తొస్తుంది. ‘పంపవలసినవి’ అంటే ఇంకా మనమేదో చేయాలన్నట్టుంది. మనం బటన్ నొక్కేశాం, మిగతా పని ఫోన్‌ది. మాటల్లో ‘మెసేజ్ పోలేదు’ అనే అంటాం కాబట్టి ‘పోనివి’ అనొచ్చు, కానీ దాని జోడీ ‘పోయినవి’ అయితే మెసేజ్‌లు పోగొట్టుకున్నట్టే!

అందుకే ‘వెళ్ళనివి’ అంటాను. పండని కాయ, పెళ్ళికాని పిల్ల అన్నప్పుడు ‘ఇంకా’ అనే మాట పైకి అనకుండానే వినిపిస్తుంది. వ్యతిరేక క్రియాజన్య విశేషణం అని వ్యాకరణంలో నోరు తిరగని పేరుందిగానీ, పని మాత్రం ఒక్క ‘ని’తో అయిపోతుంది.

ఇప్పటి ఫోన్లలో అరలు కనబడవు, అన్నీ మనిషి పేరు కింద సంభాషణగా వస్తున్నాయి, ఇక ఈ మాటలెందుకని అనకండి. ఆండ్రాయిడ్ లోపల ప్రతి ఎస్సెమ్మెస్‌కూ ఇంకా అంకె ఉంటుంది: వచ్చినదానికి 1, పంపినదానికి 2, డ్రాఫ్ట్‌కి 3, అవుట్‌బాక్స్‌కి 4, విఫలమైతే 5, వరుసలో ఉంటే 6. అర పోయినా ఆ స్థితి మెసేజ్ కిందే చిన్న అక్షరాల్లో కనిపిస్తుంది. అక్కడ ‘వెళ్ళలేదు’ అని ఉంటే మా నాన్నగారికి అర్థమయ్యేది.

డ్రాఫ్ట్‌కి ‘చిత్తు’ చాలు, ‘చిత్తుప్రతులు’ అని సాగదీయనక్కర్లేదు. బడిలో చిత్తు పుస్తకంలో రాసి, తర్వాత సాపు రాసినవాళ్ళమే అందరం.

ఇక మిగిలింది అయిదో అంకె. ‘విఫలమైనవి’ పరీక్ష ఫలితంలా ఉంది, ‘వెళ్ళలేకపోయినవి’ చిన్న తెరకు పొడవు. మీ వైపు వాడుకలో ఏదైనా పొట్టి మాట ఉంటే రాయండి.