రోయింగ్‌లో లాగేటప్పుడు ఊపిరి వదలాలా, బిగబట్టాలా?

ఒంటితెడ్డు: ఎర్గ్ (రోయింగ్ మెషిన్) మీద 5 కిలోమీటర్లు చేస్తుంటే చివర్లో నడుము పట్టేస్తోంది. డెడ్‌లిఫ్ట్‌కి (నేల మీది బరువు ఎత్తి నిలబడటం) నిండా గాలి పీల్చి బిగబడతాను, అప్పుడు నడుముకి ఏమీ కాదు. ఇక్కడేమో అందరూ లాగుతూ ఊపిరి వదలమంటారు. వదిలేస్తే పొట్టలో ఒత్తిడి పోయి భారమంతా వెన్ను మీద పడదా? క్యాచ్‌లో (ముందుకు వంగి తెడ్డు నీళ్లలో వేసే క్షణం) పీల్చి, డ్రైవ్ (కాళ్లతో తోసి లాగడం) అయ్యేదాకా బిగబట్టడమే మేలని నా వాదన.

మూడోసీటు: డెడ్‌లిఫ్ట్ ఐదుసార్లు ఎత్తి దించేస్తారు. 2000 మీటర్ల రేసులో 200 దాటి స్ట్రోకులు (తెడ్డు లాగడాలు) ఉంటాయి. రేట్ 36, అంటే నిమిషానికి 36 స్ట్రోకులైతే, ఒక్కో స్ట్రోక్‌కి 1.7 సెకన్లు కూడా ఉండదు. డ్రైవ్ అంతా బిగబడితే గాలి ఎప్పుడు పీలుస్తారు, ఎప్పుడు వదులుతారు? రెండో నిమిషానికే కళ్లు తిరుగుతాయి :)

నిటారు: ఊపిరి వదలడమంటే పొట్ట వదిలేయడం కాదండీ, అసలు గొడవంతా ఇక్కడే. ఒత్తిడి ఊపిరితిత్తుల్లో గాలి వల్ల మాత్రమే రాదు. పైన డయాఫ్రమ్ (ఊపిరితిత్తుల కింది కండరం), చుట్టూ పొట్ట కండరాలు, అడుగున కటి కండరాలు కలిసి బిగిస్తేనే వస్తుంది. గట్టిగా ఊదుతున్నప్పుడు పొట్ట మీద చెయ్యి పెట్టి చూడండి, కండరం ఇంకా బిగుసుకుంటుంది.

ఇంకోటి. ఒత్తిడి పెరిగితే డిస్కుల మీద భారం తగ్గుతుందని అంత తేలిగ్గా చెప్పలేం. నడుము గట్టిపడే మాట నిజమే, వంగిపోకుండా ఆగుతుంది. కానీ అందుకోసం బిగిసిన కండరాలే పక్కటెముకలను కటి వైపు లాగుతాయి, దాంతో వెన్నుపూసలు నొక్కుకుంటాయి. అంటే నిలకడకి ఎంతో కొంత నొక్కుడుతో వెల కడుతున్నాం. ఊరికే గరిష్ఠంగా బిగిస్తే లాభం లేదు.

ఒంటితెడ్డు: సరే, కానీ నిండా పీలిస్తే ఛాతీ లేచి వీపు నిటారుగా ఉంటుంది కదా?

నిటారు: నిలబడినప్పుడు ఉంటుంది. క్యాచ్‌లో తొడలు పొట్టకి ఆనుకుంటాయి, డయాఫ్రమ్ కిందికి దిగడానికి చోటేది? నిండు ఊపిరితో ముందుకు వంగితే తుంటి దగ్గర ఆగిపోయి, ఆ మిగతా అందుకోలు నడుము వంచి తెచ్చుకుంటారు. మీ నొప్పి చివర్లోనే వస్తోందంటే నేను ముందు అనుమానించేది దీన్నే, అలసట కూడా తోడవుతుంది. ఊపిరి సంగతి తర్వాత, ముందు పక్కనుంచి వీడియో తీసుకోండి.

మూడోసీటు: నా పద్ధతి: రికవరీ (లాగాక మళ్లీ ముందుకు వెళ్లడం) సగంలో పీల్చడం, క్యాచ్ దగ్గర ఓ క్షణం బిగింపు, కాళ్లు తోశాక వదలడం. రేట్ పెరిగితే స్ట్రోక్‌కి రెండు ఊపిరులు, తప్పదు.

ఒంటితెడ్డు: రేట్ 20లో మీ పద్ధతి ప్రయత్నించా, పొట్ట బిగింపు పోలేదు, ఒప్పుకుంటున్నా. వీడియోలో నడుము మాత్రం ధనుస్సులా వంగి ఉంది, సిగ్గేసింది. అయినా స్టార్ట్‌లో మొదటి స్ట్రోక్‌కి మాత్రం బిగబడతాను. అప్పుడు పడవ కదలకుండా ఉంటుంది, బరువు డెడ్‌లిఫ్ట్‌లాగే అనిపిస్తుంది.

నిటారు: ఆ ఒక్క స్ట్రోక్‌కి నాకూ అభ్యంతరం లేదు.