‘శిలాజ పుప్పొడి’ అనవచ్చునా?

మంచుయుగంలో ఎక్కడ అడవి ఉండేది, ఎక్కడ గడ్డిమైదానం ఉండేది అన్న విషయాన్ని నేలలో నిలిచిన పుప్పొడిని బట్టి చెప్పే ఒక వ్యాసాన్ని తెలుగులోకి తెస్తున్నాను. ‘శిలాజ పుప్పొడి’ అని రాసినప్పుడల్లా కలం ఆగిపోతోంది. సరస్సు అడుగున ఇరవై వేల ఏళ్లు పడి ఉన్నా ఆ రేణువు రాయి కాలేదు. లోపలి పదార్థం కుళ్లిపోయింది, స్పోరోపొలెనిన్ అనే, సులువుగా చెడని పదార్థంతో కట్టిన పైపొర నిలిచింది, అంతే. ప్రయోగశాలలో ఆ బురదను హైడ్రోఫ్లోరిక్ ఆమ్లంలో వేస్తారు. ఇసుక కరిగిపోతుంది, పుప్పొడి మిగులుతుంది. రాయి కరిగాక మిగిలినదాన్ని శిలాజం అనాలా?

— మూలంలో ఈ చిక్కు లేదండీ. ‘ఫాసిల్’కు లాటిన్ మూలార్థం తవ్వి తీసినది, అంతే. రాయిని తెచ్చి అతికించింది మన అనువాదమే. అయినా పెట్రోలును శిలాజ ఇంధనం అంటున్నాం, రాయి అని ఎవరూ అనుకోవడం లేదు కదా! అది వాడుకలో స్థిరపడింది, ఉండనివ్వండి. ‘పుప్పొడి’ని మాత్రం తీసేసి ‘పరాగం’ పెట్టకండి. పూవు పొడి పుప్పొడి. లాటిన్ ‘పోలెన్’ కూడా మెత్తటి పిండే. ఇంత చక్కగా కుదిరిన జత అరుదు.

— ‘పూడిక పుప్పొడి’ అంటే? చెరువు పూడిక తెలియని వారుండరు. పొర మీద పొర పేరుకున్న కాలక్రమం ఆ మాటలోనే ఉంది.

— వినడానికి బాగుంది గానీ, పీట్ నేలల్లో, అంటే సగం కుళ్లిన మొక్కలు పేరుకున్న చిత్తడి నేలల్లో, దొరికేదాన్ని పూడిక అనలేం. 1916లో స్వీడన్ భూగర్భ శాస్త్రవేత్త లెనార్ట్ ఫాన్ పోస్ట్ పుప్పొడి లెక్కలతో గీసిన పటాలు స్వీడన్ పీట్ నేలలవే. ఇంకొకటి, ‘పైన్ పుప్పొడి దొరికింది’ అన్న వాక్యాన్ని ‘పైన్ అడవి ఉండేది’ అని మార్చేయకండి. ఆ రేణువుకు రెండు గాలితిత్తులుంటాయి, ఎక్కడెక్కడి నుంచో ఎగిరి వస్తుంది. కీటకాల మీద ఆధారపడే పూలు పొడిని అంతగా వెదజల్లవు. అవి దండిగా ఉన్నచోట కూడా లెక్కలో కనబడకపోవచ్చు.

— ఆ తప్పు రెండుచోట్ల చేశాను, ఇప్పుడే దిద్దాను! సరస్సుల భాగంలో ‘పూడిక పుప్పొడి’ అంటాను, మిగతా చోట్ల ‘పాత పుప్పొడి’. ‘శిలాజ’ను ఒక్కసారి, మొదటి పేరాలో, గుర్తుపట్టడానికి ఉంచుతాను. ఇక ‘యంగర్ డ్రయాస్’ మిగిలింది. మంచుయుగం చివర మళ్లీ చలి ముదిరిన కాలం అది, డ్రయాస్ అనే ఎనిమిది రేకుల చలిప్రాంతపు పువ్వు మీద ఆ పేరు వచ్చింది. దాన్ని తెనిగించాలా, అలాగే వదలాలా?