అప్‌డేట్: మా టర్కీ కోడి రెక్క కట్టు విప్పేశాం

కుక్క పట్టడంతో మా టర్కీ కోడి ఎడమ రెక్క వేలాడుతోంది, ఇంట్లో ఏం చేయొచ్చని అడిగాను కదా. ఇప్పుడు బాగుంది. రెక్క మడుచుకుంటోంది, మేత తింటోంది.

పసుపు పెట్టమని చాలామంది అన్నారు. దేవరకొండలో పశువుల డాక్టర్‌కి చూపిస్తే, ముందు సెలైన్‌తో కడిగి, నీళ్లు కలిపిన బెటాడిన్ తుడవమన్నారు. భుజం దగ్గరి ఎముక బోలుగా ఉండి, ఊపిరికి సంబంధించిన గాలి సంచులకు కలుస్తుందట, అందుకే అక్కడ లోతు గాయంలోకి మందు పోయొద్దని గట్టిగా చెప్పారు. ఎముక విరిగింది కానీ బయటికి రాలేదు. నొప్పి మందు కూడా బరువు చూసి ఆయనే ఇచ్చారు. మన మాత్రలు వేయకండి, దయచేసి.

కట్టు సంగతి అందరూ తెలుసుకోవాలి. రెక్కను సహజంగా మడిచి, ఎనిమిది అంకె ఆకారంలో చుట్టాలి. ఒంటికి కలిపి కట్టాల్సి వస్తే రొమ్ము మీద బిగించొద్దు. కోళ్లకు మనలా ఉదరవితానం (ఊపిరికి సాయపడే, ఛాతీ కింది కండర పొర) ఉండదు, రొమ్ము ఎముక కదిలితేనే ఊపిరి ఆడుతుంది. ఎక్కువ రోజులు కట్టు ఉంచితే కీలు బిగుసుకుపోతుంది. అందుకే మధ్యలో డాక్టరే విప్పి, మెల్లగా చాపి చూశారు.

ఈ వానల్లో నాకు అసలు టెన్షన్ ఈగలదే, పురుగు పడితే కష్టం. రోజూ గోనెసంచులు మార్చి, దోమతెర కట్టాం. రక్తం కనబడితే మిగతావి పొడుస్తాయని విడిగానే ఉంచాం. ఇంకో వారం దూలం ఎక్కనివ్వొద్దన్నారు. సలహా ఇచ్చిన అన్నలకు, అక్కలకు చాలా థాంక్స్.