పోర్‌కి ‘రంధ్రం’ సరిపోతుందా?

కణం పొరలో ఉండి, వోల్టేజ్‌ని బట్టి తెరుచుకుని మూసుకునే అయాన్ చానళ్ల (అయాన్లని, అంటే విద్యుదావేశమున్న పరమాణువుల్ని, దాటించే ప్రొటీన్ల) గురించి వ్యాసం రాస్తున్నానండీ. వాటి పోర్ (అయాన్లు పోయే దారి) ఆకారం ఎలా కనిపెట్టారన్న దగ్గర ఆగిపోయాను. ‘రంధ్రాన్వేషణ’ అని రాసి నేనే నవ్వుకున్నా, తప్పులెన్నడం అయిపోయింది! బెజ్జం, కన్నం, చిల్లు... ఏది వాడమంటారు?

– చిల్లు పడేది, కన్నం దొంగ వేసేది. రెండూ వద్దు. బెజ్జం కొంత నయమే గానీ దానికి లోతు లేదు. పొటాషియం చానల్ చూడండి: బయటివైపు 12 ఆంగ్‌స్ట్రామ్‌ల (ఆంగ్‌స్ట్రామ్ అంటే మీటరులో వెయ్యి కోట్లవ వంతు) పొడవున ఇరుకు, దాని వెనక 10 ఆంగ్‌స్ట్రామ్‌ల వెడల్పున బోలు, కణం లోపలివైపు తలుపు. నా ఓటు ‘తూము’కి. దారీ, మూతా రెండూ స్ఫురిస్తాయి.

– తూమంటే నాలుగు కుంచాల కొలత కూడా కదండీ?

– సందర్భం చెబుతుంది లెండి. తూములో వడ్లు పోస్తున్నామని ఎవరూ అనుకోరు.

– సరే. ఆ ఇరుకుని ‘జల్లెడ’ అన్నాను, పర్లేదా?

– అక్కడే పప్పులో కాలేశారు! జల్లెడలో చిన్నది జారి పెద్దది మిగులుతుంది. ఇక్కడ తలకిందులు: సోడియం అయాన్ చిన్నదే, అయినా దాదాపుగా పోలేదు. దానికన్నా పెద్దదైన పొటాషియం సెకనుకి కోట్లలో పోతుంది. ఇరుకులో దూరాలంటే అయాన్ తన చుట్టూ ఉన్న నీటిని వదిలెయ్యాలి. గోడల్లోని ఆక్సిజన్లు పొటాషియానికి ఆ లోటు తీరుస్తాయి. సోడియం మరీ చిన్నది, వాటికి సరిగ్గా అందదు. 1998లో అమెరికా శాస్త్రవేత్త రోడరిక్ మెకిన్నన్ బృందం ఎక్స్ కిరణాలతో బయటపెట్టిన సంగతి ఇది. 2003లో ఆయనకి నోబెల్ వచ్చింది. వాళ్లు చూసింది బాక్టీరియా చానల్‌ని, వోల్టేజ్‌తో తెరుచుకునేది కాదు. అయితే ఇరుకు మాత్రం రెంటిలోనూ దాదాపు ఒకటే. ‘వడపోత’ కూడా నాకు ఎక్కదు, అదీ జల్లెడ తోబుట్టువే.

– మరి మ్యాపింగ్? ‘పటం గీయడం’?

– ఎక్స్ కిరణాల బొమ్మ దొరక్కముందు చేసిన పనికి ‘తడిమి చూడటం’ అనండి. చానల్ ప్రొటీన్‌లోని ఒక్కో అమైనో ఆమ్లాన్ని తీసి అక్కడ సిస్టీన్ అనే అమైనో ఆమ్లాన్ని పెట్టేవారు. సిస్టీన్‌ని పట్టుకునే రసాయనం తగిలించాక చానల్‌లో పోయే కరెంటు తగ్గితే, ఆ చోటు దారివైపు తిరిగి ఉందని అంచనా. అదే రసాయనాన్ని లోపలివైపు నుంచి పంపితే, తలుపు మూసినప్పుడు లోతుకి చేరదు, తెరిచినప్పుడు చేరుతుంది. తలుపు లోపలివైపే ఉందని అలా తేలింది. చీకటి గదిలో గోడ పట్టుకుని నడిచినట్టే.

– ‘తూము’ ఉంచాను, ‘జల్లెడ’ కొట్టేశాను, ‘ఇరుకు’ని ఇరుకనే రాశాను. శీర్షికకి మాత్రం ‘రంధ్రాన్వేషణ’ని వదలబుద్ధి కావట్లేదండీ.