అప్‌డేట్: అమీన్‌పూర్ వైపు మా అపార్ట్‌మెంట్ బోరు నీళ్ల పరీక్ష ఫలితం

హైదరాబాద్ శివారులో అమీన్‌పూర్ వైపున్న మా అపార్ట్‌మెంట్ బోరు నీటిని కాచి తాగవచ్చా, ఈ ప్రాంతాన్ని జీహెచ్‌ఎంసీలో (హైదరాబాద్ మహానగర పాలక సంస్థలో) కలపడం వల్ల సమస్య తీరుతుందా అని ఇంతకుముందు అడిగాను. మీరు చెప్పినట్లే ల్యాబ్‌లో పరీక్ష చేయించాం. మురుగు నుంచి కూడా నీటిలో చేరే నైట్రేట్ అనే లవణం, తాగునీటి ప్రమాణాల్లోని లీటరుకు 45 మిల్లీగ్రాముల పరిమితిని దాటింది. కాచితే సూక్ష్మజీవులు చస్తాయే గాని నైట్రేట్ పోదు. నీరు ఆవిరైన కొద్దీ దాని గాఢత ఇంకా పెరుగుతుంది. డబ్బాపాలు తాగే పసిపిల్లలకు ఇది మరీ ప్రమాదకరం కనుక, అలాంటి బిడ్డలున్న ఇళ్లకు వెంటనే చెప్పాం.

పటాన్‌చెరు, బొల్లారం దగ్గరే కాబట్టి అందరి అనుమానమూ పరిశ్రమల వ్యర్థాల మీదికే పోయింది. అక్కడి కాలుష్యంపై 1990లోనే సుప్రీంకోర్టులో కేసు పడింది మరి. అయితే సెల్లార్ పక్కనున్న సెప్టిక్ ట్యాంకును ఖాళీ చేయించి చూస్తే అడుగున సిమెంటే లేదు, మురుగంతా నేరుగా నేలలోకి ఇంకుతోంది, బోరేమో అక్కడికి పదడుగుల దూరంలోనే ఉంది. హైదరాబాద్ కింది గ్రానైట్‌లో నీరు రాతి పగుళ్ల వెంట కదులుతుంది కాబట్టి, ఆ దారిలో వడపోత పెద్దగా జరగదు.

విలీనం సంగతికొస్తే, 2007లో పాత హైదరాబాద్ కార్పొరేషన్‌తో 12 మున్సిపాలిటీలు, 8 పంచాయతీలు కలిసి జీహెచ్‌ఎంసీ ఏర్పడ్డాక కూడా శివారు కాలనీలు చాలావాటికి భూగర్భ డ్రైనేజీ ఏళ్ల తరబడి రాలేదు. అందుకే డ్రైనేజీ కోసం ఎదురుచూడకుండా ట్యాంకు అడుగును కాంక్రీటుతో కట్టిస్తున్నాం, తాగునీటి కనెక్షన్‌కు జలమండలికి (నగర నీటి సరఫరా బోర్డుకు) దరఖాస్తు పెట్టాం.