2022 ఉగాది ట్రిప్: ఇండియా నుంచి వచ్చేవాళ్లకి డిస్నీ పార్క్ టికెట్లు ఇప్పుడే కొనొద్దు

(ఇది 2022 జనవరి చివర్లో రాసింది. ఇందులోని రేట్లు, పార్కు పద్ధతులు, వీసా, విమానాలు, కోవిడ్ రూల్స్ అన్నీ అప్పటివి, ఇప్పటివి కావు.)

అందరికీ నమస్తే. హన్మకొండ నుంచి రాస్తున్నాను, ఫ్లోరిడాలో మన సంఘం చేసే ఉగాదికి ఇక్కడి నుంచి వచ్చే పెద్దవాళ్ల లిస్టు, కాగితాలు నేనే చూస్తున్నాను కదా, అందుకే ఇంత పొడుగ్గా రాయాల్సి వస్తోంది. నిన్న రాత్రి ఈ థ్రెడ్‌లో "ఓర్లాండో టికెట్లు అందరికీ ఒకేసారి కొనేద్దాం, రేటు పెరగకముందే" అని పెట్టారు, పొద్దున చూసేసరికి కింద వరుసగా ఓకేలు పడ్డాయి. దయచేసి ఆదివారం కాల్ దాకా ఆగండి, ఎవరూ కార్డు కొట్టకండి.

పార్కు వద్దని కాదు నేననేది. ఏప్రిల్ 2 శనివారం ఉగాది ప్రోగ్రాం, మర్నాడు అందరం కలిసి డిస్నీ వరల్డ్ అనగానే ఇక్కడ పెద్దవాళ్లు ఎంత సంబరపడ్డారో నాకు తెలుసు. రెండేళ్లుగా మనవళ్లను ఫోన్‌లోనే చూస్తున్నవాళ్లు వీళ్లు. వాళ్ల డబ్బు మాత్రం ఇప్పుడే ఇరికించొద్దు అంటున్నాను.

ట్రెజరర్ అన్న రాసిన రూల్ కరెక్టే. వాడని టికెట్‌కి డబ్బు వాపస్ రాదు, కానీ కట్టిన మొత్తాన్ని తర్వాత కొనే టికెట్‌లో కలుపుకుంటారు, అప్పటికి రేటు పెరిగి ఉంటే తేడా కట్టాలి. టాంపాలోనో జాక్సన్‌విల్‌లోనో ఉండేవాళ్లకి ఇది చాలు, ఏప్రిల్ కాకపోతే జూన్‌లో పోతారు. పరకాల నుంచి వచ్చే డెబ్బై ఏళ్ల మనిషికి ఆ క్రెడిట్ దేనికి? విమానమే ఎక్కకపోతే ఆ టికెట్ మళ్లీ ఎప్పుడు వాడుకుంటారు? "డబ్బు ఎక్కడికీ పోదు" అనేది అక్కడున్నవాళ్ల విషయంలోనే నిజం. ఇక్కడివాళ్లకి పోయినట్టే.

ఆ డబ్బు చిన్నదేమీ కాదు. ఈ ఏడాది (2022) ఒక రోజు, ఒక పార్కు టికెట్ 109 డాలర్ల నుంచి మొదలవుతుంది, తేదీని బట్టి పైకి పోతుంది, టాక్స్ వేరే. వయసైనవాళ్లకని రాయితీ లేదు. మూడేళ్లలోపు పిల్లలకు టికెట్ అక్కర్లేదు, 3 నుంచి 9 ఏళ్ల వాళ్లకు కాస్త తక్కువ, పదేళ్లు నిండితే పెద్దవాళ్ల లెక్కే. భార్యాభర్తలిద్దరికీ ఇవాళ్టి డాలర్ రేటుకి, టాక్స్ కలిపి, తక్కువలో తక్కువ పదిహేడు వేల రూపాయలు. ఈ ఏడు తామర పురుగు మన మిర్చిని ఎట్లా తినేసిందో మీరూ వార్తల్లో చూసే ఉంటారు. మన లిస్టులో నర్సంపేట వైపు రైతులున్నారు. పిల్లలు కడతారులే అనుకోవచ్చు, కానీ వాళ్లలో ఒక పెద్దాయన అట్లా అనుకోడు. ఫోన్ చేస్తే ఆయన అడిగిన మొదటి మాట, "పోకుంటే పైసలు వాపస్ ఇస్తరా బిడ్డా?"

ఇక ప్రయాణం సంగతి. మన దేశం నుంచి మామూలు అంతర్జాతీయ విమానాలు 2020 మార్చి 23 నుంచి ఆగే ఉన్నాయి, ఎయిర్ బబుల్ విమానాలే, అంటే రెండు దేశాలు ఒప్పందం చేసుకుని నడిపే కొద్ది విమానాలే, నడుస్తున్నాయి. డిసెంబర్ 15 నుంచి మళ్లీ మొదలు అన్నారు, ఒమిక్రాన్ రాగానే అది వెనక్కి పోయింది, ఇప్పుడు ఫిబ్రవరి 28 దాకా పొడిగించారు. అమెరికా అయితే నవంబర్ 8న టీకా వేసుకున్నవాళ్లకు తలుపు తెరిచింది, నెల తిరక్కుండానే, డిసెంబర్ 6 నుంచి, విమానానికి ముందు చేయించుకునే కోవిడ్ టెస్టు గడువును మూడు రోజుల నుంచి ఒక్కరోజుకి కుదించింది. రూల్స్ ఇంత తొందరగా మారుతున్నప్పుడు రెండు నెలల తర్వాతి తేదీ మీద ఇప్పుడే డబ్బు పెట్టడం నాకైతే సరిగా అనిపించడం లేదు. వరంగల్‌లో కోవిడ్ మూడో వేవ్ ఇంకా నడుస్తూనే ఉంది, బడులు ఈ జనవరి 30 దాకా మూసే ఉన్నాయి.

కొత్తగా వీసా తీసుకోవాల్సినవాళ్లను ఈ ఉగాది లెక్కలో పెట్టుకోవద్దు. విజిటర్ వీసా ఇంటర్వ్యూ డేట్లు ఇప్పుడు దొరకడం లేదు. పాత పదేళ్ల వీసా ఉన్నవాళ్లే మన లిస్టు.

టాంపా అక్క జవాబు:
తమ్ముడూ, నువ్వు చెప్పింది నిజమే గానీ ఒక ఇబ్బంది ఉంది. ఈ ఏడాది (2022) టికెట్ ఒక్కటే ఉంటే లోపలికి పోనివ్వరు, ఏ రోజు ఏ పార్కు అని రిజర్వేషన్ కూడా ఉండాలి. మన డిస్నీ అకౌంట్‌కి టికెట్ లింక్ చేస్తేనే రిజర్వేషన్ చేయనిస్తుంది. ఈస్టర్ ఏప్రిల్ 17న, దాని ముందు వారాల్లో ఇక్కడ చాలా బడులకు స్ప్రింగ్ బ్రేక్. ఆగి ఆగి చివరికి పిల్లలకిష్టమైన మ్యాజిక్ కింగ్‌డమ్ పార్కు నిండిపోతే అత్తమ్మ వాళ్లను గేటు బయట నిలబెట్టలేం కదా.

అక్కా, అసలు చిక్కు అక్కడే ఉంది, మంచిగ గుర్తు చేశారు. దీని మీద కొంచెం వివరంగా రాస్తాను.

మొదట, అందరూ ఒకే రోజు పోవాలనే పట్టు వదులుదాం. అక్కడున్న కుటుంబాలు ఏప్రిల్ 3 ఆదివారానికి ఇప్పుడే కొనుక్కోండి, మీకు పెద్ద రిస్క్ లేదు, రిజర్వేషన్ కూడా దొరుకుతుంది. ఇక్కడి నుంచి వచ్చే పెద్దవాళ్లలో చాలామంది మార్చి మధ్యలోనే వస్తారు, రెండు మూడు నెలలుంటారు, వాళ్లకి సోమవారం ఆఫీసు లేదు. వాళ్లను 4న గానీ 5న గానీ తీసుకుపోదాం. వాళ్లు దిగాక, ఒంట్లో బాగుందని చూసుకున్నాక, పిల్లల అమెరికా కార్డుతోనే టికెట్ కొని అప్పుడే రిజర్వేషన్ చేయాలి. ఇక్కడి కార్డుతో కొంటే బ్యాంకు విదేశీ మారకం చార్జీ కూడా వేస్తుంది, అది దండగ. ఏ పార్కులో ఏ రోజు ఖాళీ ఉందో చూపించే క్యాలెండర్‌కి టికెట్ అక్కర్లేదు, ఎవరైనా చూడొచ్చు. యూత్ టీమ్‌లో ఒకరు దాన్ని వారానికి రెండుసార్లు చూసి ఇక్కడ పెడితే చాలు. నిండుతున్నట్టు కనబడితే తేదీ జరుపుదాం. మనమే తేదీకి కట్టుబడి లేనప్పుడు ఏదో ఒక రోజు తప్పక దొరుకుతుంది.

రెండోది, పార్కు. పెద్దవాళ్లకి మ్యాజిక్ కింగ్‌డమ్ కంటే డిస్నీ వరల్డ్‌లోనే ఉన్న ఇంకో పార్కు, ఎప్‌కాట్, మేలని నా అభిప్రాయం, ఇది గట్టిగానే చెబుతున్నాను. పిల్లలతో పాటు కోట ముందు ఫోటో దిగడం మంచిదే, కానీ అక్కడ రోజంతా పిల్లల రైడ్‌ల క్యూల్లో వీళ్లు నిలబడి ఏం చేస్తారు? ఎప్‌కాట్‌లో చెరువు చుట్టూ పదకొండు దేశాల పెవిలియన్లు ఉంటాయి, మెక్సికో నుంచి కెనడా దాకా, మెల్లగా నడుస్తూ, కూర్చుంటూ చూడొచ్చు. పెద్ద గోళంలో ఉండే స్పేస్‌షిప్ ఎర్త్ మెల్లగా పోయే రైడ్, భయం లేదు. 'లివింగ్ విత్ ద ల్యాండ్' అని పడవ రైడ్ ఉంది, గ్రీన్‌హౌస్‌ల మధ్య నుంచి పోతుంది, మట్టి లేకుండా నీళ్లతో కూరగాయలు పెంచడం కళ్లముందు కనబడుతుంది. ఎనుమాముల మార్కెట్‌కి ఏళ్ల తరబడి మిర్చి, పత్తి తోలిన మనిషి ఆ పడవలో కూర్చుంటే దిగమన్నా దిగడు. పైగా మార్చి నుంచి అక్కడ పూల పండుగ కూడా నడుస్తుంది, మన అమ్మలకు పూలంటే ఎంత ఇష్టమో వేరే చెప్పాలా. పిల్లలతో మ్యాజిక్ కింగ్‌డమ్ కావాలన్న కుటుంబాలు ఆదివారం పొండి, ఎవరికీ అడ్డు లేదు.

చెరువు చుట్టూ ఒక రౌండే దాదాపు రెండు కిలోమీటర్లు. మోకాళ్ల నొప్పులున్నవాళ్ల పేర్లు విడిగా రాయండి, వీల్‌చైర్లు అక్కడే అద్దెకి దొరుకుతాయి. మన తిండి లోపలికి తీసుకుపోవచ్చు, గాజు సీసాలు మాత్రం వద్దు. పులిహోర డబ్బాలు, ఇక్కడి నుంచి వచ్చే సకినాలు చాలు, బయట తిండి పడక ఎవరూ పస్తుండాల్సిన పని లేదు. రైడ్‌ల క్యూల్లో ఎక్కువసేపు నిలబడకుండా ఉండే జీనీ ప్లస్ అని, ఈ ఏడాది (2022) మనిషికి 15 డాలర్లది, కొనాలా అని ఎవరో అడిగారు. ఇప్పుడు అక్కర్లేదు, ఆ రోజు పొద్దున కూడా కొనుక్కోవచ్చు. పార్కులో టీకా సర్టిఫికెట్ అడగరు, లోపలి హాళ్లలో, రైడ్‌లలో మాస్కు మాత్రం ప్రస్తుతం (2022 జనవరిలో) రెండేళ్లు నిండిన అందరికీ తప్పనిసరి.

ఎక్కడైనా తక్కువకి అమ్ముతున్నారని, ఎవరో సగం వాడిన టికెట్ మిగిలిందని కొనకండి. ఒకసారి వాడటం మొదలైన టికెట్ ఇంకొకరికి పనికిరాదు, గేటు దగ్గర వేలు స్కాన్ చేస్తారు. ఈ ఒక్క విషయంలో దయచేసి ఎవరూ సాహసం చేయొద్దు.

యూత్ టీమ్ తమ్ముడి ప్రశ్న:
అన్నా, మా నాన్నకి కోవాక్సిన్ వేశారు, పర్లేదా? సంక్రాంతికి కోవిడ్ కూడా వచ్చింది, ఇప్పుడు తగ్గింది. మార్చిలో టెస్టు చేస్తే మళ్లీ పాజిటివ్ వస్తుందేమో అని అమ్మకి ఒకటే టెన్షన్.

తమ్ముడూ, కోవాక్సిన్‌కి డబ్ల్యూహెచ్‌ఓ ఆమోదం నవంబర్ 3న వచ్చింది, కోవిషీల్డ్ లాగే అమెరికా దాన్నీ ఒప్పుకుంటోంది. రెండో డోసు పడి రెండు వారాలు దాటి ఉంటే చాలు.

పాజిటివ్ వచ్చిన సంగతికి వస్తే, ఆ ల్యాబ్ రిపోర్టు పారేయొద్దని అమ్మకి ఇప్పుడే ఫోన్ చేసి చెప్పు. విమానం ఎక్కే రోజుకి 90 రోజుల లోపు తేదీ ఉన్న పాజిటివ్ రిపోర్టు, కోలుకున్నారు, ప్రయాణం చేయొచ్చు అని డాక్టర్ రాసిన లెటర్ ఉంటే నెగటివ్ టెస్టు బదులు అదే చూపించవచ్చు. జనవరిలో వచ్చినవాళ్లకి మార్చి ప్రయాణం దానిలోపే పడుతుంది. ఇంట్లో కిట్‌తో చూసుకుని ఊరుకున్నవాళ్లకి మాత్రం ఇది చెల్లదు, వాళ్లు మామూలుగా టెస్టు చేయించుకోవాల్సిందే.

టెస్టు ప్రయాణానికి ముందు రోజే కాబట్టి పెద్దవాళ్లు ఒకరోజు ముందే హైదరాబాద్ చేరాలి, అక్కడ ఎవరింట్లో దిగుతారో నేను రాసిపెడుతున్నాను. దోహా మీద నుంచో దుబాయ్ మీద నుంచో పోయేవాళ్లు మొత్తం ప్రయాణం ఒకే బుకింగ్‌లో చేయించండి, అప్పుడు ఒక్కరోజు లెక్క హైదరాబాద్ విమానం నుంచే మొదలవుతుంది. రెండు వేరువేరు టికెట్లు చవక అని కొంటే మధ్యలో మళ్లీ టెస్టు పడొచ్చు, భాష రాని ఎయిర్‌పోర్టులో అమ్మానాన్నలను ఆ అవస్థ పెట్టకండి.

కోవిన్ టీకా సర్టిఫికెట్‌లో పాస్‌పోర్టు నంబరు కలపని వాళ్లు ఇంకా ఉన్నారు. మనవాళ్లకి ఆధార్‌లో ఇంటిపేరు ఒక్క అక్షరం, పాస్‌పోర్టులో పూర్తిగా ఉంటుంది. పేరు, పుట్టిన తేదీ పాస్‌పోర్టులో ఉన్నట్టే మార్పించండి, పార్క్ టికెట్ కూడా అదే పేరుతో కొనండి. మేడారం జాతర ఫిబ్రవరి 16 నుంచి 19. పోయి రండి, అమ్మల మొక్కు ఆపమని నేననను, ప్రయాణానికి నెల టైముంది. కానీ మార్చి మొదటి రెండు వారాలు పెళ్లిళ్లకి, గుంపుల్లోకి పోకుండా మీ వాళ్లకి మీరే చెప్పాలి, నా మాట ఎవరూ వినరు, పిల్లల మాట వింటారు. ఇండియాకి తిరిగొచ్చాక ఏడు రోజులు ఇంట్లోనే ఉండాలని, ఎనిమిదో రోజు ఆర్టీపీసీఆర్ అని 2022 జనవరి 11 నుంచి రూల్ ఉంది. కోతల టైముకి వెనక్కి రావాలనుకునేవాళ్లు ఆ వారం కూడా కలుపుకుని రిటర్న్ పెట్టుకోండి.

ట్రెజరర్ అన్నా, ఇక్కడివాళ్ల పేరు మీద సంఘం ఖాతాలోంచి ఏ టికెట్టూ కొననని ఒక్కమాట ఇక్కడ రాయండి, నేను అందరికీ ఫోన్‌లో చెబుతాను, వాళ్లకి నిమ్మళంగా ఉంటుంది. కాల్ ఆదివారం మీకు పొద్దున పది, మాకు రాత్రి ఎనిమిదిన్నర. ఆలోపు 4, 5 తేదీల్లో కారు తీసి సెలవు పెట్టగలిగేవాళ్లు పేర్లివ్వండి, ఎన్ని కార్లుంటే అంతమంది పెద్దవాళ్లకే నేను ఇక్కడ సరే అంటాను.